లద్దాఖ్ యాత్రను ఆర్ట్ క్విల్ట్‌గా కుట్టాలి: ఏది ఉంచాలి, ఏది వదలాలి?

నీలిదారం

అందరికీ నమస్కారం. ఈ వేసవిలో లద్దాఖ్ వెళ్లి వచ్చాను. వచ్చినప్పటి నుంచి మిషను ముందు కూర్చోవాలని చేతులు తహతహలాడుతున్నాయి. ఇంతవరకు మంచం మీద పరుచుకునే అతుకుల బొంతలే కుట్టాను. అంటే చతురస్రాలు, త్రిభుజాలు, నక్షత్రాలు. గోడకు వేలాడదీసే ఆర్ట్ క్విల్ట్ ఇదే మొదలు. వెడల్పు 90 సెంటీమీటర్లు, ఎత్తు 120 అనుకుంటున్నాను.

నా ఊహ ఇది. పైన పాంగాంగ్ సరస్సు, దాని వెనుక కొండలు. మధ్యలో ఖర్దుంగ్ లా కనుమ వైపు మెలికలు తిరుగుతూ ఎక్కే దారి. ఒక పక్క కొండకొమ్మున బౌద్ధ మఠం. కింద హుండర్ ఇసుకతిన్నెలు, రెండు మూపురాల ఒంటెలు. చుట్టూ అంచుగా ఐదు రంగుల ప్రార్థనా పతాకాలు. కాగితం మీద గీస్తే అన్నీ పడుతున్నాయి గానీ బొమ్మలో జీవం లేదు. లోపం ఎక్కడో తేలడం లేదు.

ఫొటోలను బట్ట మీద ముద్రించి వాడుకోవడం మేలా, అన్నీ బట్టముక్కలతోనే కట్టాలా? పాంగాంగ్ నీలం ఎలా తేవాలి?

పాతమిషను

లోపం నేను చెబుతాను, కోపం తెచ్చుకోకండి. మీరు వర్ణించినది పర్యాటక శాఖ గోడపత్రిక. లద్దాఖ్ గడప తొక్కని వాళ్లు కూడా ఆ ఐదింటినీ కళ్లు మూసుకుని చెప్పేస్తారు. ఇందులో మీరు ఎక్కడున్నారు?

ఒక పని చేయండి. ఫోను ఇంకో గదిలో పెట్టి, ఫొటోలు చూడకుండా, గుర్తొచ్చినవి గుర్తొచ్చిన వరుసలోనే రాయండి. ఊళ్ల పేర్లు అక్కర్లేదు. రంగు, ఎండ, గాలి, చప్పుడు, ఒంటికి తగిలినవి రాయండి. ఏది ఎక్కువ వాక్యాలు రాయిస్తే అదే మీ బొంత. బట్ట సంగతి, నీలం సంగతి ఆ తరువాత.

దూదిపింజ

పాతమిషను గారు ఎప్పటిలాగే బెత్తం పట్టుకునే వచ్చారు.

నీలిదారం గారూ, ఒకే బొంతలో నాలుగైదు దృశ్యాలు పెట్టడం నేరమేమీ కాదు. అమెరికన్ చిత్రకారిణి ఫెయిత్ రింగ్‌గోల్డ్ 1980లలో మొదలుపెట్టి కుట్టిన కథాబొంతలు చూడండి. బొమ్మతో పాటు కథను కూడా అక్షరాలుగా బట్ట మీదే రాశారామె. యాత్ర అంటేనే ఒకదాని తరువాత ఒకటి. చిన్న చిన్న గళ్లుగా విడదీసి, ఒక్కో గడిలో ఒక్కో చోటు పెడితే ముద్దుగానే ఉంటుంది. పైగా మీకు గళ్ల పని బాగా అలవాటు. వచ్చిన పనితో మొదలుపెట్టడంలో తప్పేముంది?

పాతమిషను

తప్పు లేదు. కానీ రింగ్‌గోల్డ్ దగ్గర చెప్పడానికి కథ ఉంది, అందుకే అన్ని దృశ్యాలు అవసరమయ్యాయి. ఇక్కడ ఇంకా కథ బయటికి రాలేదు. ముందు అది రానివ్వండి, ఆ తరువాత గళ్లు కావాలో ఒకే దృశ్యం కావాలో ఆవిడే తేల్చుకుంటారు.

నీలిదారం

రాశాను. నాకే ఆశ్చర్యంగా ఉంది. పాంగాంగ్‌కు రెండు వాక్యాలు వచ్చాయి, ఒంటెలకు ఒకటి. నిమ్ము దగ్గర సింధు, జంస్కార్ నదుల సంగమానికి పేజీన్నర!

లేహ్ నుంచి సుమారు 35 కిలోమీటర్లు ఉంటుంది. దారి ఎత్తున పోతుంది, నదులు బాగా కింద. ఎదురుగా లోయ చీల్చుకుని జంస్కార్ వస్తుంది, ఎడమ నుంచి సింధు. మేం వెళ్లినప్పుడు జంస్కార్ బూడిద కలిసిన మట్టిరంగులో ఉరకలు పెడుతోంది. సింధు పచ్చగా, నిదానంగా ఉంది. కలిసిన చోట వెంటనే కలవలేదు. మధ్యలో ఒక గీత. గీత అంటే గీసినట్టు ఉండదు, కదులుతూ ఉంటుంది. మట్టినీళ్లు వేళ్లు చాచినట్టు పచ్చనీళ్లలోకి చొచ్చుకు వస్తాయి, కాసేపటికి వెనక్కి లాక్కుంటాయి. గాలి చెవుల్లో హోరుమంటుంటే నీళ్ల చప్పుడు వినబడీ వినబడనట్టు ఉంది. డ్రైవరు హారన్ కొట్టి పిలిచే దాకా అక్కడే నిలబడిపోయాను. ఫొటోలు మాత్రం రెండే తీశాను, ఒకటి వంకర.

ఇది నా మొదటి గీతలో లేనే లేదు.

పాతమిషను

దొరికింది. ఇక ఒంటెలను మేతకు వదిలేయండి.

దూదిపింజ

ఒప్పుకున్నాను. గళ్లు వెనక్కి తీసుకుంటున్నాను. ఆ వంకర ఫొటో ఇక్కడ పెట్టగలరా? ఆకృతికి వంకరదే ఎక్కువ పనికొస్తుందని నా అనుమానం.

కొలతబద్ద

ఫొటో చూశాను. రెండు సంగతులు.

మొదటిది, నిలువు కొలత మార్చండి. నీళ్లు ఎడమ నుంచి, ఎదురు నుంచి వచ్చి కుడికి పోతున్నాయి. చూపు కూడా అటే నడవాలి. 120 అడ్డం, 90 నిలువు పెట్టండి. సంగమాన్ని నట్టనడుమ పెట్టవద్దు. ఎడమకు జరిపితే కలిసిన తరువాతి నదికి చోటు మిగులుతుంది. ఆకాశాన్ని సన్నని పట్టీగా కుదించవచ్చు, తీసేసినా నష్టం లేదు. పై నుంచి కిందికి చూస్తున్నామన్న భావన ఆకాశం లేకపోతేనే బాగా వస్తుంది.

రెండోది ముఖ్యం. ఆ ఫొటోను ఫోనులో నలుపు తెలుపులోకి మార్చి చూడండి. నేను చూశాను. మీ మట్టినీళ్లు, పచ్చనీళ్లు రెండూ ఒకే బూడిద రంగులోకి వచ్చాయి, గీత మాయమైంది! రంగులు వేరే గానీ ముదురు లేతలు ఒకటే. రెండు మీటర్ల దూరంలో నిలబడి చూసేవారి కంటికి ముందు అందేది ముదురు లేతల తేడా. రంగు ఆ తరువాత. కాబట్టి బట్టలు ఎంచేటప్పుడు ఒక నదిని రెండు మెట్లు ముదురు చేయాలి. పచ్చను ముదురు చేయమని నా సలహా. ఎంచిన ముక్కలన్నీ పక్కపక్కన పరిచి మళ్లీ నలుపు తెలుపు ఫొటో తీసి చూసుకోండి.

కుంచెసూది

కొలతబద్ద గారి లెక్క సరైనదే, తీర్పుతో మాత్రం ఏకీభవించను. ముదురు లేతలు సమానంగా ఉన్న రెండు రంగులు పక్కపక్కన పడితే వాటి మధ్య అంచు కంటికి నిలవదు, అదురుతున్నట్టు ఉంటుంది. చిత్రకారులు కావాలని వాడుకునే గుణమిది. నీలిదారం గారు ఏమన్నారు? "గీసినట్టు ఉండదు, కదులుతూ ఉంటుంది" అన్నారు. ఆ కదలిక తేడా పెంచితే పోతుంది. రెండు రంగుల జెండాలా ఖచ్చితంగా విడిపోతుంది.

నేనైతే ముదురు లేతలు సమానంగానే ఉంచి, తేడాను కుట్టులో చూపిస్తాను. జంస్కార్ వైపు దట్టంగా, సుళ్లు తిరిగే కుట్టు. సింధు వైపు ఎడంగా, పొడుగు అలల కుట్టు. వెలుగు పక్క నుంచి పడినప్పుడు దట్టంగా కుట్టిన చోటు అణిగి, ఎడంగా కుట్టిన చోటు ఉబ్బి రెండు నీళ్లూ వేరుగా తెలుస్తాయి. క్విల్ట్‌కు ఉన్న బలమే అది. చదునైన కాన్వాసుకు ఆ ఎత్తుపల్లాలు ఎక్కడివి?

కొలతబద్ద

గోడ మీద పక్క నుంచి వెలుగు పడితే సరే. ఎదురుగా ట్యూబులైటు ఉంటే? మీ ఎత్తుపల్లాలన్నీ గల్లంతు.

కుంచెసూది

ఆ గోడ మీద ఏ బొంతకైనా అదే గతి.

దూదిపింజ

రెండూ చేయవచ్చు గదా! సంగమం దగ్గర సమానంగా మొదలుపెట్టి, అంచుల వైపు పోయేకొద్దీ సింధును ముదురు చేస్తూ పోతే దూరం నుంచి రెండు నదులు కనబడతాయి, దగ్గరికి వచ్చినవారికి గీత కదులుతుంది.

నీలిదారం

దూదిపింజ గారి మాట నాకు నచ్చింది, అలాగే చేస్తాను. మట్టిరంగుకు నూలు, పచ్చకు నూలుతో పాటు కొంచెం పట్టు తీసి పెట్టాను. ఇప్పుడు నాకు తెలియనిది వంపు కుట్టడం. తిన్నని గీతలు తప్ప ఎప్పుడూ అతకలేదు.

ఇంకో సందేహం. యాత్రలో కొన్న ప్రార్థనా పతాకాల తోరణం ఒకటి ఉంది. వాటిని కోసి ఒక మూల అతికించవచ్చా?

కుంచెసూది

పతాకాల సంగతి ముందు చెబుతాను. వాటి మీద మంత్రాలు ముద్రించి ఉంటాయి. గాలి వాటిని తాకి నలుదిక్కులా మేలు పంచుతుందని అక్కడివారి నమ్మకం. వాటిని నేల మీద పడేయరు. కత్తెర పెట్టకుండా, ఎక్కడైనా గాలి తగిలే చోట కట్టుకోవడం మర్యాద. కావాలంటే ఆ రంగులను మాత్రం తీసుకోండి. వాటికి వరుస ఉంది: నీలం, తెలుపు, ఎరుపు, ఆకుపచ్చ, పసుపు. ఆకాశం, గాలి, అగ్ని, నీరు, భూమికి గుర్తులు. ఆ వరుసలో దారపు పోగులు పెడితే తెలిసినవారికి తెలుస్తుంది.

పాతమిషను

పోగులు కూడా వద్దంటాను. బూడిద, మట్టి, మసక పచ్చ ఉన్న చోట ఎరుపు ఒక్క చుక్క పడినా కన్ను అక్కడికే పోయి కూర్చుంటుంది. అంత కష్టపడి కుట్టిన సంగమం వెనకబడుతుంది. వంపు ఎలా కుట్టాలో కొలతబద్ద గారు చెబుతారు, ఆయనది మంచి చేయి.

కొలతబద్ద

వంపు సులువే, భయం వదలండి. అచ్చుకాగితం అక్కర్లేదు.

రెండు బట్టలనూ ముఖం పైకి ఉండేలా పరచండి. రెండూ పైకే, ఇది మరచిపోవద్దు. మట్టిరంగు బట్ట అంచు పచ్చబట్ట మీదికి ఓ జానెడు ఎక్కి ఉండాలి. ఆ ఎక్కిన మేరలోనే చక్రపు కత్తితో ఒక వంపు కోయండి. రెండు పొరలూ ఒకేసారి తెగాలి. పైపొరలో పచ్చ వైపు మిగిలిన పీలిక, కింది పొరలో మట్టిరంగు వైపు మిగిలిన పీలిక తీసేస్తే రెండు అంచులూ ఒకదానికొకటి సరిగ్గా అమరుతాయి. విడదీయక ముందే వంపు మీద నాలుగైదు చోట్ల సుద్దతో అడ్డగీతలు పెట్టుకోండి. తరువాత ఒకదాని ముఖం ఇంకోదాని ముఖానికి పెట్టి, ఆ గీతలు కలుపుతూ, పావు అంగుళం లోపలికి కుట్టండి. ముఖాలు కలిపినప్పుడు రెండు వంపులూ ఎదురెదురుగా తిరిగి, ఇవి కలవనే కలవవు అనిపిస్తుంది. కలుస్తాయి. గుండుసూదులు తక్కువ పెట్టి, పై బట్టను ఎడమ చేత్తో కొద్దికొద్దిగా తిప్పుకుంటూ నిదానంగా పోనివ్వండి. ఇస్త్రీ పెట్టేటప్పుడు రుద్దకుండా పెట్టెను ఎత్తి ఎత్తి దించండి. వంపు అంచు ఏటవాలుగా తెగి ఉంటుంది గనుక లాగితే సాగిపోతుంది.

వంపు మరీ బిగువుగా ఉంటే ముడత పడుతుంది. నది వంపు కాబట్టి సాగదీసిన వంపులే పెట్టుకోండి.

కుంచెసూది

అలా అతికితే గీత శుభ్రంగా వస్తుంది. శుభ్రమైన గీత ఈ దృశ్యానికి సరిపోదు. అతుకు అయ్యాక దాని మీద రెండు రంగుల పీలికలు, అంచు మడవకుండా, అక్కడక్కడ వేళ్లు చాచినట్టు పెట్టి పైన మిషను కుట్టు వేయండి. అంచు కొద్దిగా పీచు లేస్తుంది, లేవనివ్వండి.

పీలికల వెనుక ఇస్త్రీతో అంటుకునే జిగురు పొర వాడతారేమో, పలుచని రకం తీసుకోండి. మందపు రకం మీద చేతికుట్టు వేయాలంటే సూది దిగదు. ఆకారాన్ని జిగురు కాగితం మీద గీస్తే బట్ట మీద కుడిఎడమలు తారుమారవుతాయి, అది కూడా చూసుకోండి. పట్టు మీద వేడి తగ్గించి, పైన పలుచని నూలుబట్ట వేసి పెట్టండి.

ఎండమావి

ఇన్నాళ్లూ చదువుతూ ఊరుకున్నాను. లద్దాఖ్ కొండల గురించి ఒక మాట చెప్పాలనిపించింది.

ప్రకృతి దృశ్యం కుట్టేవారికి అందరూ చెప్పే సూత్రం ఒకటుంది: దూరపు కొండలు లేతగా, నీలంగా, దగ్గరివి ముదురుగా ఉండాలని. చాలా చోట్ల అది నిజమే. గాలిలోని తేమ, ధూళి మధ్యలో అడ్డం పడి దూరాన్ని మసక చేస్తాయి. లద్దాఖ్‌లో గాలి పలచన, పొడి. లేహ్ పట్టణమే సుమారు 3,500 మీటర్ల ఎత్తున ఉంది. అందుకే అక్కడ దూరపు కొండ కూడా దగ్గరి కొండంత స్పష్టంగా, మడతలతో సహా కనిపిస్తుంది. చేయి చాస్తే అందుతుందనిపించే కొండ గంటల ప్రయాణం ఉంటుంది. సూత్రం ప్రకారం కొండలను వెనక్కి పోయేకొద్దీ నీలంగా కుట్టారా, మంచి బొంతే వస్తుంది గానీ అది లద్దాఖ్ కాదు. ఏ కొండప్రాంతమైనా కావచ్చు.

మరి దూరం ఎలా చూపాలి? మడతల పరిమాణంతో. దగ్గరి కొండకు వెడల్పు పట్టీలు, దూరపు కొండకు సన్నని పట్టీలు. ముదురు లేతలు అంతటా గట్టిగానే ఉండనివ్వండి. ఇంకోటి, చెట్టూచేమా లేని ఆ కొండల మీద మబ్బుల నీడలు నల్లని చాపల్లా పాకుతుంటాయి, గుర్తుందా? బూడిదరంగు ఆర్గంజా (అవతలిది కనబడేంత పలుచని బట్ట) ముక్క ఒకటి రెండు పట్టీలను కలుపుతూ అడ్డంగా వేస్తే ఆ నీడ దిగుతుంది. కృత్రిమ దారంతో నేసిన ఆర్గంజా అయితే వేడి ఇస్త్రీకి కరిగి ముద్దవుతుంది, జాగ్రత్త.

నీలిదారం

గుర్తుంది! నీడ కొండ దిగి నది దాటి ఇటువైపు దారి మీదికి వచ్చింది, ఒక్కసారిగా చలి. అది రాయడం మరచిపోయాను. ఎండమావి గారూ, ఇంతకాలం ఊరుకున్నందుకు మీ మీద కోపంగా ఉంది.

కొత్తచేయి

చిన్న సందేహం, నవ్వవద్దు. కప్పుకోవడానికి పనికిరానప్పుడు దీన్ని బొంత అని ఎందుకంటారు? బట్టతో వేసిన బొమ్మ అనవచ్చు గదా?

దూదిపింజ

ఎందుకు నవ్వుతాం! మూడు పొరలు ఉండి, పైబట్ట, మధ్య దూది, అస్తరు, వాటిని కుట్టు కలిపి పట్టి ఉంచితే క్విల్టే. కప్పుకుంటారా, చూస్తారా అన్నది తరువాతి మాట. 1971లో న్యూయార్క్‌లోని విట్నీ మ్యూజియం పాత బొంతలను తెచ్చి, చిత్రాల్లా గోడలకు వేలాడదీసి ప్రదర్శన పెట్టింది. అప్పటి నుంచి ఈ గొడవ చాలావరకు సద్దుమణిగింది. ఒహాయోలో 1979లో మొదలైన క్విల్ట్ నేషనల్ అనే ప్రదర్శన ఈ కళకే ప్రత్యేకం.

సూదిబెజ్జం

చర్చ పక్కదారి పట్టిస్తున్నందుకు క్షమించాలి. నేనూ లద్దాఖ్ బొంత కుడుతున్నాను, నాది మాత్రం పక్కా గోడపత్రికే, ఖర్దుంగ్ లా బోర్డుతో సహా. బోర్డు మీద 18,380 అడుగులు అని ఉన్న ఫొటో నా దగ్గర ఉంది. ఇప్పటి కొలతల ప్రకారం 5,359 మీటర్లు, అంటే సుమారు 17,580 అడుగులే అంటున్నారు. ఏ అంకె కుట్టాలి?

పాతమిషను

బోర్డు మీద ఉన్నదే కుట్టండి. మీరు ఫొటో దిగింది ఆ బోర్డు పక్కనే, కొలత పక్కన కాదు.

కొలతబద్ద

నా పేరు పెట్టుకుని నేను దీనికి ఒప్పుకోలేను. సరైన అంకె వెనుక లేబుల్ మీద రాయండి.

నీలిదారం

పైబట్ట పూర్తయింది. మూడు పొరలు వేసి, మిషను పళ్లు దించి, చేత్తో బట్టను తిప్పుతూ కుట్టు మొదలుపెట్టాను. జంస్కార్ సుళ్లు నాకే ముచ్చటగా ఉన్నాయి. కానీ అక్కడ బట్ట బిగుసుకుపోతోంది, పక్కన కొండలు ఉబ్బి అలలు తేలుతున్నాయి. కింది అంచు వంకర తిరిగింది. పరిస్తే నేలకు ఆనడం లేదు. వెనుక వైపు దారం అక్కడక్కడ ఉచ్చులు కడుతోంది.

కొలతబద్ద

కారణం సాంద్రత. కుట్టు ఎంత దట్టంగా ఉంటే బట్ట అంత కుంచించుకుంటుంది. నది కుంచించుకుంది, కొండలకు ఆ బిగువు అందలేదు. మిగిలిన బట్ట ఎటు పోవాలో తెలియక పైకి లేచింది. మందు ఒకటే: కొండలను కూడా నది సాంద్రతకు కాస్త దగ్గరగా తేవాలి. అంత దట్టం అక్కర్లేదు, సగానికి మించితే చాలు. కొండమడతల వెంటే ఏటవాలు గీతలు కుట్టుకుంటూ పోండి, అలలు చాలావరకు అవే సర్దుకుంటాయి.

ఇకముందు కుట్టేవారి కోసం: ముందుగా బొంత అంతటా ముఖ్యమైన అతుకుల వెంట ఎడం కుట్టు వేసి మూడు పొరలనూ నిలబెట్టాలి, ఆ తరువాతే నింపుడు పని. ఒక మూలను పూర్తిగా నింపి ఇంకో మూలకు పోకూడదు. పైబట్టను కావలసిన కొలతకు ప్రతి వైపు రెండు అంగుళాలు ఎక్కువే ఉంచుకోవాలి. అంచు చివర్లో కోస్తాం గనుక వంకర తిరిగినా బెంగ లేదు. నీలిదారం గారు ఉంచుకున్నారని ఫొటోలో కనబడుతోంది, కాబట్టి కంగారు పడకండి.

వెనుక ఉచ్చులు పడుతున్నాయంటే సాధారణంగా పై దారం బిగువు చాలడం లేదు. బట్టను నొక్కిపట్టే ఫుట్ ఎత్తి దారం మళ్లీ ఎక్కించి చూడండి, సగం జబ్బులు దానితోనే పోతాయి. అప్పటికీ పోకపోతే పై బిగువు ఒక అంకె పెంచండి. ఏ దారం వాడుతున్నారు? 40 నంబరు దారం 50 కంటే లావు, అంకె పెరిగేకొద్దీ దారం సన్నబడుతుంది. 40కి 90/14 టాప్‌స్టిచ్ సూది వేయండి, బెజ్జం పెద్దది గనుక దారం నలగదు. చేయి వేగంగా కదిలి మిషను నెమ్మదిగా నడిస్తే కుట్లు పొడుగవుతాయి. వంపులో చేయి ఊడ్చినట్టు తిరిగినప్పుడే ఉచ్చులు ఎక్కువ పడతాయి.

ఎండమావి

అంతా కుట్టాక బ్లాకింగ్ చేయండి. నేల మీద దుప్పటి మందంగా పరిచి, బొంతను తడి చేసి లేదా ఆవిరి పట్టించి, మూలమట్టంతో మూలలు సరిచూస్తూ చుట్టూ గుండుసూదులు గుచ్చి, పూర్తిగా ఆరే దాకా కదపకండి. మిగిలిన అలలు అణుగుతాయి. పట్టు ఉంది గనుక తడిపే ముందు ప్రతి రంగు బట్టనూ తడి తెల్లగుడ్డతో రుద్ది రంగు దిగుతుందేమో చూడండి. దిగితే ఆవిరే మేలు, అదీ పెట్టెను ఆనించకుండా.

కుంచెసూది

కొత్త ఫొటో చూశాను. కుడివైపు ఇంకా రెండు నదులుగానే ఉన్నాయి. కలిసిన తరువాత అది ఒక్క సింధే గదా. గీత కుడి అంచు దాకా పోనక్కర్లేదు. సంగమం దాటాక మట్టిరంగు దారాన్ని పచ్చ వైపు, పచ్చ దారాన్ని మట్టి వైపు నడిపించండి. మొదట ఎడంగా, పోనుపోను దగ్గరగా. కుడి చివరికి వచ్చేసరికి ఏ బట్ట కింద ఉందో తెలియకూడదు. బట్ట మార్చే పని లేదు, దారమే కలిపేస్తుంది.

నీలిదారం

చేశాను. పై దారం ఒక రంగు, బాబిన్‌లో (అడుగు దారపు చుట్టలో) ఇంకో రంగు పెట్టి చూస్తే కుట్టు బిందువుల దగ్గర అడుగు రంగు చుక్కలుగా తొంగి చూసింది. బాగుందనిపించి కుడివైపు పావువంతు అలాగే వదిలేశాను. కొలతబద్ద గారికి బిగువు తప్పినట్టు అనిపించవచ్చు.

కొలతబద్ద

తప్పింది. అయినా ఈ ఒక్కచోట చూడనట్టు ఊరుకుంటున్నాను.

పాతమిషను

నాకు నచ్చింది. ఎడమ మూల కొండ పట్టీలు మాత్రం మరీ పద్ధతిగా ఉన్నాయి, అన్నీ ఒకే వెడల్పు. విప్పమనను. వాటి మీద నీడ ముక్క ఒకటి ఏటవాలుగా పడనివ్వండి, చాలు.

నీలిదారం

నీడ పెట్టాను, మీరన్నది నిజమే, మూల కుదురుకుంది. అంచుకు బైండింగ్ వేయాలా? పట్టీ వేసి చూస్తే ఫొటోకు చట్రం కట్టినట్టుంది, నది అక్కడితో ఆగిపోతోంది. వేలాడదీయడం ఎలాగో కూడా చెప్పండి.

దూదిపింజ

బైండింగ్ వద్దు, ఫేసింగ్ వేయండి. బొంతను సరిగ్గా కోసుకుని, రెండున్నర మూడు అంగుళాల పట్టీలను ముఖం వైపు పెట్టి అంచు వెంట కుట్టి, పూర్తిగా వెనక్కి మడిచి, చేతికుట్టుతో అస్తరుకు పట్టించడమే. ముందు నుంచి పట్టీ కనబడదు, నది అంచు దాటి పోతున్నట్టే ఉంటుంది. మూలల్లో బట్ట నాలుగు పొరలు పడి ముద్దకడుతుంది, అక్కడ అదనపు బట్ట కత్తిరించి తిప్పండి.

వేలాడదీయడానికి వెనుక పై అంచున గొట్టంలా ఒక తొడుగు కుట్టాలి. ప్రదర్శనల వాళ్లు సాధారణంగా నాలుగంగుళాల తొడుగు అడుగుతారు. పొడవు బొంత వెడల్పుకు రెండు వైపులా అంగుళం తక్కువ. చేతికుట్టే వేయాలి, సూది అస్తరునూ దూదినీ పట్టాలి గానీ ముందుకు రాకూడదు. తొడుగును బొంతకు చదునుగా అంటించవద్దు, కడ్డీ దూరడానికి వెనుక వైపు అర అంగుళం వదులు ఉంచండి. లేకపోతే కడ్డీ లావు ముందుకు పొడుచుకు వచ్చి పైన గట్టులా కనబడుతుంది.

ఎండ నేరుగా పడే గోడ వద్దు, పట్టు ముందు వెలిసిపోతుంది. దాచేటప్పుడు మడత పెట్టకుండా, ముఖం బయటికి ఉండేలా చుట్ట చుట్టండి. ముఖం లోపలికి పెడితే పైబట్ట నలిగి ముడతలు నిలిచిపోతాయి.

కొత్తచేయి

చర్చ మొత్తం అచ్చు తీసి పెట్టుకున్నాను. నాది సముద్రయాత్ర. నురగ కోసం తెల్ల నెట్ బట్ట వాడితే నలుగుతుందా, దాని మీద ఫ్రీ మోషన్ కుట్టు, అంటే చేత్తో బట్టను తిప్పుతూ వేసేది, పడుతుందా?

పాతమిషను

పడుతుంది, ఫుట్ కొన నెట్ కన్నాల్లో చిక్కుకోకుండా చూసుకోవాలి. మిగతాది వేరే చర్చగా మొదలుపెట్టండి. నురగ గురించి చెప్పాల్సింది చాలా ఉంది, ఇక్కడ కలిపేస్తే తరువాత వెతుక్కునేవారికి దొరకదు. మొదలుపెట్టే ముందు మాత్రం ఫోను పక్క గదిలో పెట్టి ఒక పేజీ రాసుకుని రండి.